కప్పు విప్పడానికి రోజు లేదు

మా అపార్ట్‌మెంటు డాబా కారుతోంది. ఇది వింత కాదు. కారని డాబా ఇంద్రేశంలో ఇంకా ఎవరూ కట్టలేదు. వింతేమిటంటే, దాని గురించి మీటింగు పెట్టారు. సెల్లార్లో కార్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేసి, ఎప్పుడు బాగు చేయించాలి, ఎట్లా బాగు చేయించాలి అని చాలాసేపు మాట్లాడారు. ఏదో మందు పూయాలని ఒకరు, టైల్స్ పరచాలని ఒకరు, ఏకంగా రేకుల షెడ్డు వేస్తే బట్టలు కూడా ఆరేసుకోవచ్చని ఇంకొకరు. చివరికి ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకున్నారు.

"ఇప్పుడు ఆషాఢం కదండీ, మంచిది కాదు. శ్రావణంలో వానలు ఎక్కువ. వానలు తగ్గితే ఎలాగూ కారదు. అప్పుడు తీరిగ్గా ఆలోచిద్దాం."

అందరూ తలలూపారు. నేనొక్కదాన్నే నవ్వాను. వయసులో పెద్దదాన్ని కదా, దగ్గు అనుకుని ఎవరో మంచినీళ్ల సీసా అందించారు.

నవ్వు ఆయన్ను చూసి రాలేదు. లిఫ్టు పక్క గోడ నుంచి తడిసిన సున్నం వాసన వస్తోంది. ఆ వాసన వెంట మా నానమ్మ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ప్రెసిడెంటుగారి తీర్పు విని, "పోరడు తెలివిగల్లోడే" అని మెచ్చుకుంది.

మా ఊరు పాశమైలారం ఫ్యాక్టరీలకు ఆనుకుని ఉండేది. ఇటు జొన్న చేలు, అటు పొగగొట్టాలు. గాలి ఎటు వీస్తే ఆ పూట మా బతుకు అట్లా ఉండేది. పొద్దున కుళ్లిన గుడ్డు వాసన, మధ్యాహ్నం గోళ్లరంగు వాసన, సాయంత్రం దేనికీ పోల్చలేని ఒక తీపి. మొదట్లో అందరూ తిట్టుకునేవారట. నాకు ఊహ తెలిసేసరికి మాత్రం ఆ వాసనలు గడియారంగా స్థిరపడిపోయాయి. తీపి వాసన తగలగానే నానమ్మ వాకిట్లోంచి కేకేసేది: "రెండో షిఫ్టు ఎక్కింది. బర్రెను పిండుండ్రి!"

ఇల్లు గూనపెంకలది. నాన్న వ్యవసాయం, చిన్నాయన ఫ్యాక్టరీ. ముందుగది కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చిన ఒక సారుకు కిరాయికి ఇచ్చాం. అందరి నెత్తిమీదా ఒకటే కప్పు, ఆ కప్పు నిండా కంతలు. కోతులు దూకి కొన్ని పెంకలు, పిల్లుల పోట్లాటలో కొన్ని పోయాయి. మిగిలినవి వాటంతటవే వయసైపోయి పోయాయి. పోయినదాని చోట పెడదామంటే కొత్తది దొరకదు. చెరువు నీళ్లు రంగు మారినప్పటి నుంచి ఆ మట్టితో చేసిన పెంక ఆవంలో కాల్చగానే చిట్లిపోతోందని, పెంకలు చేసే కుమ్మరాయన సారె అటకెక్కించి ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు.

వాన మొదలవగానే ఇంట్లో గిన్నెలన్నీ డ్యూటీ ఎక్కేవి. దేవుడి గూటి ముందు చెంబు, మంచం కాళ్ల దగ్గర బకెటు, నడింట్లో దూలం కింద సర్వ. వాన పడితే ఎవరికైనా సర్వపిండి తినాలనిపిస్తుంది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కరివేపాకు కలిపి, సర్వ అడుగున ఒత్తి, సన్నటి సెగ మీద కాలిస్తే ఆ వాసనకు ఫ్యాక్టరీ వాసన కూడా తలవంచుకుని పక్కకు పోతుంది. కానీ వాన పడితే సర్వ దూలం కింద ఉంటుంది. సర్వ ఖాళీగా ఉందంటే ఎండ కాస్తోందన్న మాట, ఎండలో సర్వపిండి ఎవరికి కావాలి? మా ఇంట్లో మేం నేర్చుకున్న మొదటి వేదాంతం ఇది.

సారుది ఫ్యాక్టరీలో ప్రమాదాలు జరగకుండా చూసే ఉద్యోగం. పెంకముక్క ఒకటి ఆయన పప్పుచారులో పడ్డ రోజు నుంచి, వానపడితే పసుపు హెల్మెట్ పెట్టుకుని అన్నానికి కూర్చునేవాడు.

"ఏంది సారూ, ఇంట్ల గూడ డ్యూటేనా?" అనేది నానమ్మ.

"అలవాటండీ పెద్దమ్మగారూ" అనేవాడు ఆయన, మర్యాదగా పైకి చూస్తూ.

వాళ్లావిడ మా అమ్మతో మాటల్లో ఉన్నప్పుడు నేను ఆయన పీటను జానెడు పక్కకు జరిపేదాన్ని. అప్పుడు చినుకు సరిగ్గా హెల్మెట్ మీద పడేది. టక్, టక్. ఆయన భోజనం అయ్యేదాకా ఆ సంగీతం వింటూ నేను గోడవతల కూర్చునేదాన్ని.

కప్పు మార్చాలనడంలో ఎవరికీ భేదం లేదు. ఎట్లా అన్నదే తగువు. నాన్న బెంగుళూరు పెంకలన్నాడు. చిన్నాయన స్లాబు తప్ప వేరేమాట ఎత్తొద్దన్నాడు. నానమ్మకు గూనపెంకలే కావాలి, అవి ఎక్కడా లేకపోయినా సరే. "ఏదన్న ఎయ్యుండ్రి గని నా పొయ్యి మీద కారొద్దు" అనేది అమ్మ. సారు ఒక్కటే సలహా ఇచ్చాడు: "సిమెంటు రేకులు మాత్రం వద్దండీ. ఎండాకాలం ఇడ్లీల్లా ఉడికిపోతాం." ఆ మాటకు మాత్రం అందరూ ఒప్పుకున్నారు. మా ఇంటి చరిత్రలో ఏకగ్రీవ తీర్మానం అదొక్కటే.

ఇక ఎప్పుడు అన్నది. దానికి తగువే లేదు, ఎందుకంటే ఆ శాఖ పూర్తిగా నానమ్మది. కడుపుతో ఉన్న మనిషి ఉండగా ఇంటి కప్పు విప్పకూడదు. పైన పెంక కదిలితే లోపల పిండం కదులుతుందని ఆమె నమ్మకం. ఇంకో నియమం కూడా ఉండేది: ఒకసారి విప్పిన పెంకను మళ్లీ అదే చోట పెట్టకూడదు, అది చావు జరిగిన ఇంటి పని. కాబట్టి తొందరపడి చేయి పెట్టొద్దు. పెడితే పూర్తిచేయాలి.

ముందు అమ్మ కడుపులో నా తమ్ముడు ఉన్నాడు. ఆ వేసవి పోయింది. మరుసటి వేసవికి సారు భార్యకు నెల తప్పింది. కిరాయివాళ్ల కడుపు లెక్కలోకి వస్తుందా అన్న ప్రశ్న నాన్న లేవనెత్తాడు. నానమ్మ ఒక పూటంతా ఆలోచించి తీర్పు చెప్పింది: "కిరాయి గోడలకు ఇస్తరు గని కప్పుకు ఇస్తరారా? కప్పు అందరిది."

నాన్నకు కోపం వచ్చింది. "అట్లయితె బర్రె గూడ సూడితోని ఉన్నది. దాన్ని గూడ లెక్కవెట్టు!"

వెటకారమని నానమ్మకు తట్టలేదు. కాసేపు నిజంగానే ఆలోచించింది. "కొట్టం కప్పు వేరే గద. ఏం గాదు" అంది.

ఆ తర్వాత వంతు చిన్నమ్మది. చిన్నాయన భార్య. హత్నూర వైపు పిల్ల. మా ఇంట్లో గట్టిగా నవ్వే మనిషి ఆమె ఒక్కతే. రాత్రి షిఫ్టు వారాల్లో నన్ను పక్కలో పడుకోబెట్టుకుని, ఊళ్లోవాళ్ల నడకలన్నీ పడుకునే అనుకరించి చూపించేది. పడుకుని నడక చూపించడం ఎట్లాగో నాకిప్పటికీ తెలియదు, కానీ ఎవరి నడకో వెంటనే పోల్చుకునేదాన్ని. పెళ్లయి ఏళ్లు గడిచినా ఆమెకు పిల్లలు కలగలేదు. అంటే కప్పుకు అడ్డమేమీ లేదన్నమాట. అట్లా అనుకున్నవాళ్లకు నానమ్మ సంగతి తెలియదు.

"ఏమో, ఇప్పుడు ఉన్నదో లేదో ఎవలకెరుక?" అంది నానమ్మ. "నిలవడ్డదేమో. మనం కప్పు విప్పినంక పోతె? ఆ పాపం ఎవల నెత్తిమీద?"

ఇక్కడ నానమ్మ తర్కాన్ని వివరంగా చెప్పాలి. డిగ్రీలో లాజిక్ చదివేటప్పుడు లెక్చరర్ ఇచ్చిన ఉదాహరణల్లో ఒక్కటీ దీని కాలిగోటికి సరిపోలేదు. చిన్నమ్మ నెలసరి వచ్చి బయట కూర్చున్న రోజుల్లో, కడుపు లేదని ఖాయం. కానీ ఆ రోజుల్లో ఇంట్లో మైల, శుభకార్యం మొదలుపెట్టకూడదు. తలస్నానం చేసి లోపలికి వచ్చిన రోజున మైల లేదు. కానీ ఆ రోజు నుంచే మళ్లీ ఆశ మొదలు, కాబట్టి మళ్లీ కప్పు ముట్టకూడదు. ఆశ ఉన్నన్నాళ్లూ విప్పకూడదు, ఆశ లేని రోజున మైల. ఏడాదిలో అన్ని రోజులనూ ఈ జల్లెడలో పోసి ఊపితే ఒక్కటి కూడా కిందికి రాలదు. ఇంత పక్కాగా, ఎక్కడా కంత లేకుండా మా ఇంట్లో ఉన్నది ఆ నియమం ఒక్కటే.

కప్పు సంగతి అట్లా ఉంచండి. ఉందేమో అన్న కడుపుకు, ఉన్న కడుపుకున్నన్ని కట్టుబాట్లు వచ్చిపడ్డాయి. చిన్నమ్మ బిందె ఎత్తొద్దు. నిచ్చెన ముట్టొద్దు. పెరట్లో బొప్పాయి పండితే దాని వైపు చూడొద్దు, అది ముందుగదిలో సారువాళ్లకు పోయేది. హత్నూరకు బస్సు ఎక్కొద్దు, రోడ్డు బాగాలేదు, కుదుపులు. తల్లి జ్వరంతో పడుంటే కూడా చిన్నాయనే పోయి చూసి వచ్చాడు. పిల్లలు లేని మనిషి పిల్లలున్నవాళ్లకంటే ఎక్కువ జాగ్రత్తగా బతకాల్సి వచ్చింది.

పైగా అది ఇంటి రహస్యం కాకుండా పోయింది. కప్పు పని ఒప్పుకున్న వడ్లాయన, అంటే మా ఊరి వడ్రంగి, పొద్దున్నే గోడ మీదుగా తొంగిచూసి అడిగేవాడు: "పెద్దమ్మా, ఈ నెలన్న ఏమన్న తేలిందా? పనోల్లను పిలువాల్నా?"

ఆయన అడిగేది కప్పు గురించే, పాపం. కానీ ఆ ప్రశ్న వాకిట్లో ఉన్న అందరి చూపులనూ మోసుకొచ్చి చిన్నమ్మ పొట్ట మీద దించేది. బోరింగు దగ్గర ఆడవాళ్లు కూడా ఆ మాటే ఇంకో దారిలో అడిగేవారు: "ఏం పిల్లా, మీ ఇల్లెప్పుడు కప్పుతున్నరు?"

మొదట్లో చిన్నమ్మ నవ్వుతూనే బదులిచ్చేది. "నన్నడుగుతరేంది? కప్పు నా కడుపుల లేదక్కా, మీదున్నది." తర్వాత బోరింగుకు పోవడం తగ్గించింది. ఆ తర్వాత వాకిలి ఊడవడానికి కూడా ఎవరూ లేవకముందే పోయి వచ్చేది. నానమ్మ నన్ను పిలిచి గుప్పెడు పుట్నాలు, బెల్లంముక్క పెట్టి, "మీ చిన్నమ్మ తానం జేసిందా బిడ్డా?" అని ఆరా తీసేది. నాకు తెలియదని చెప్పేదాన్ని. తెలియదని చెప్పినా పుట్నాలు వెనక్కి తీసుకునేది కాదు కాబట్టి, నాకు చాలాకాలం ఏమీ తెలియలేదు.

ఒక మధ్యాహ్నం చాప మీద వెల్లకిలా పడుకుని, దూలం వంక చూస్తూ చిన్నమ్మ అంది: "సూడు బిడ్డా, దానికి చెదలు వట్టింది, నాకు సూపులు వట్టినయి. ఇద్దరం ఒక్క లెక్కనే రాలుతున్నం."

అనుకరణ ఏమో అనుకుని నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ వేసవి చివర వడ్లాయన లోపలికి వచ్చి, బాడిశ మొదలుతో దూలాన్ని తట్టాడు. పిండి రాలినట్టు మన్ను రాలింది. "పెద్దమ్మా, మిరుగం కార్తె వస్తున్నది. తొలివాన బరువుకు ఇది ఆగది. మీరన్న విప్పాలె, లేకుంటె అదే విప్పుకుంటది. అప్పుడు కింద ఎవలుంటరో సూసుకోదు."

నానమ్మ భయపడింది. దూలం పడుతుందని భయం, కప్పు విప్పితే లేని మనవడు పోతాడని భయం. రెండు భయాల మధ్య ఆమె కూడా మాలాగే ఇరుక్కుని ఉందని నాకు అప్పుడు తట్టలేదు. పంతులుతో ఒక రోజు పెట్టించింది. ఆ రోజు చిన్నమ్మ బయట కూర్చుంది. ఇంకో రోజు పెట్టించింది. ఆ నాటికి చిన్నమ్మ స్నానమై వారం దాటింది. "ఆగుండ్రి, జెర సూద్దాం" అంది. ఆకాశంలో మబ్బులు కూడా జెర చూద్దామన్నట్టే నిలబడి ఉన్నాయి. అమ్మ పడకలన్నీ దూలం కింది నుంచి గోడలవారకు జరిపింది. మేం ఇంట్లోనే ఇంటికి భయపడుతూ, గోడలకు అంటుకుని నడిచేవాళ్లం.

అవి మామిడికాయ తొక్కు పెట్టే రోజులు. వాకిట్లో మంచం మీద ముక్కలు ఆరుతున్నాయి. చిన్నమ్మ రోట్లో ఆవాలు దంచుతోంది. ఆ ఘాటుకు ఫ్యాక్టరీ గాలి ఎటో పోయింది. సారు కాళ్లు చాపుకుని పేపరు చదువుతున్నాడు. గోడ మీద వడ్లాయన తలకాయ లేచింది.

"పెద్దమ్మా, ఆఖరిసారి అడుగుతున్న. పక్కూర్ల పనున్నది, పోతె మల్ల రాను. తేలిందా, లేదా?"

"ఇంక రెండ్రోజులు ఆగయ్యా. దాని సంగతి జెర..."

రోకలి చప్పుడు ఆగింది. చిన్నమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. కొట్టం గోడకు ఆనించి ఉన్న నిచ్చెనను తానే ఎత్తుకొచ్చి చూరుకు వేసింది. కొంగు నడుముకు దోపుకుంది. ఎక్కింది. మేమందరం చూస్తూనే ఉన్నాం. ఇంత మామూలుగా జరుగుతున్నదాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు.

"ఏ పిల్లా! దిగు! దిగవే!" నానమ్మ కేక అప్పుడు వచ్చింది. "ఉంటె ఎట్లనే?"

చిన్నమ్మ చూరు దగ్గరి పెంక ఒకటి ఊడబెరికి చేతిలో పట్టుకుంది. "ఉంటె నాకే ఉంటది గద అత్తమ్మా, వడ్లాయనకు ఉండదు గద" అంది. "ఊరంత కలిసి నా కడుపు కింద నిలవడి ఎదురుసూస్తున్నరు, వాన కోసం సూసినట్టు. ఇగ సాలు." నా వైపు తిరిగింది. "పొల్లా, పట్టు!"

నేను లంగా చాపాను. పెంక వచ్చి అందులో పడింది. దాని అడుగున కప్పులోని చీకటి, సాలెగూడు, ఏనాటిదో పిచ్చుక ఈక ఉన్నాయి. ఇంకోటి వచ్చింది. ఇంకోటి. ఆమె విసురుతోంది, నేను పడుతున్నాను. కొన్ని పట్టలేకపోయాను. పగిలిన చప్పుడుకు ఆమె పైనుంచి పెద్దగా నవ్వింది. చాలా కాలం తర్వాత విన్న నవ్వు.

"పిల్ల చేతులు కోసుకుంటాయండీ" అంటూ సారు లోపలికి పోయి, హెల్మెట్ తెచ్చి నా నెత్తిన పెట్టాడు. చేతులకు హెల్మెట్ ఎట్లా సాయమో అడిగే తీరిక లేదు.

నానమ్మ వాకిట్లో చతికిలబడింది. ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు. రాశిలా పడ్డ పెంకలను చూసింది, తన నియమం తనకే గుర్తొచ్చింది. విప్పినదాన్ని మళ్లీ అక్కడే పెట్టకూడదు. చేయి పెడితే పూర్తిచేయాలి. వడ్లాయనను ఉరిమి చూసింది. "గోడ మీదికెల్లి ఏం సూస్తున్నవు? వచ్చి ఎక్కు! అది ఒక్కతే ఎంతసేపని పీకుతది?"

సాయంత్రానికి ఇంటి మీద ఆకాశం తప్ప ఏమీ లేదు. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. బెంగుళూరు పెంకలు పురమాయించలేదు. స్లాబుకు ఒక ఇనుప చువ్వ కూడా తేలేదు. గూనపెంకల కుమ్మరి గేటు దగ్గర డ్యూటీలో ఉన్నాడు. చిన్నాయన షిఫ్టు నుంచి వచ్చి, ఇల్లు లేని గోడలను చూసి, సైకిలు వెనక్కి తిప్పాడు. ఫ్యాక్టరీవాడలో ఎవరో పాత షెడ్డు విప్పుతున్నారట. దూలానికి బదులు ఇనుప గొట్టాలతో సహా ట్రాక్టరులో సరుకు తెచ్చాడు. ఇన్నేళ్ల చర్చలో ఎవరూ కోరని వస్తువు, అందరూ కలిసి వద్దన్న ఒకే ఒక్క వస్తువు, ఇంటిముందు దిగింది. సిమెంటు రేకులు.

"తాత్కాలికంగ" అన్నాడు చిన్నాయన. ఆ ఇల్లు అమ్మేసేదాకా అవే ఉన్నాయి.

సారు చెప్పినట్టే మేం ఇడ్లీల్లా ఉడికాం. ఆయన హెల్మెట్ మేకుకు తగిలించి, బనీను కూడా విప్పేసి విసనకర్రతో బతికాడు. కానీ దూలం పడి ఎవరూ పోలేదు. పొయ్యి మీద కారలేదు. సర్వకు మళ్లీ పొయ్యి దొరికింది.

తొలివాన రోజున అమ్మ సర్వపిండి చేసింది. అందరం నడింట్లో, ఒకప్పుడు ఎవరూ కూర్చోవడానికి ధైర్యం చేయని చోట, గుండ్రంగా కూర్చున్నాం. వాన రేకుల మీద పడటం మొదలైంది. పెంకల మీద వాన మాట్లాడుతుంది. రేకుల మీద వాన ఇంకెవరినీ మాట్లాడనివ్వదు. ఇంటి మీద కంకర కుమ్మరిస్తున్నట్టుంది. నానమ్మ చిన్నమ్మ వైపు వంగి, పెదవులు కదిలించి ఏదో అడిగింది. ఏం అడిగిందో మాకందరికీ తెలుసు. చిన్నమ్మ చెవికి అరచేయి అడ్డం పెట్టి, "ఆఁ? ఇనవడ్తలేదు అత్తమ్మా!" అని అరిచింది. నానమ్మ మళ్లీ అడిగింది. చిన్నమ్మ మళ్లీ చెయ్యి పెట్టింది. తర్వాత తాపీగా సర్వపిండి మాడుపెచ్చు విరుచుకుని నోట్లో వేసుకుంది.

ఆ వారమే హత్నూర బస్సెక్కి తల్లిని చూసి వచ్చింది. ఎవరూ కుదుపుల మాట ఎత్తలేదు. పెరట్లో బొప్పాయి సారువాళ్లకు పోవడం మానేసింది. పిల్లలు ఆమెకు ఆ ఏడూ పుట్టలేదు, తర్వాతా పుట్టలేదు. వడ్లాయన గోడ మీదుగా అడగడానికి ఏమీ మిగలలేదు, అంతే.

మీటింగు అయ్యాక చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. మాకు దగ్గరలోనే ఒక స్లాబు ఇంట్లో ఉంటుంది. కప్పు దిట్టంగా ఉంది, ఎండ మండుతోంది, ఎక్కడా చినుకు లేదు. ప్రెసిడెంటుగారి తీర్పు చెబితే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఇన్నేళ్లూ అడగని మాట అప్పుడు అడిగాను.

"చిన్నమ్మా, నిచ్చెన ఎక్కిన రోజు... నీకు గిన ఏమన్న అనుమానం ఉండెనా? ఉన్నదేమో అని?"

ఆమె నా వంక చూసింది. నవ్వు అట్లాగే ఉంది, కళ్లలో నీళ్లూ అట్లాగే ఉన్నాయి. మెల్లగా అరచేయి ఎత్తి చెవికి అడ్డం పెట్టుకుంది.

"ఆఁ?" అంది. "ఇనవడ్తలేదు బిడ్డా."